పిలిస్తే పలకాలి

అర్ధరాత్రి దాటింది. కొలిమి దగ్గర కమ్మరి బాకులు కొడుతున్నాడు. ఒకటి కాగానే ఇంకొకటి, అది కాగానే మరొకటి. చెమట లేదు, విసుగు లేదు, సుత్తి దెబ్బ తాళం తప్పదు. దారిన పోయేవాళ్ళు పలకరించినా తలెత్తడు. ఆ కమ్మరిని నడిపించవలసిన మనిషి ఎక్కడో తన ఇంట్లో గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు మరి. 1997 సెప్టెంబరులో మొదలైన అల్టిమా ఆన్‌లైన్ అనే కంప్యూటర్ ఆటలో ఇది రోజూ కనిపించిన దృశ్యం. ఆ ఆటలో విద్య వాడేకొద్దీ పెరుగుతుంది. కమ్మరం సున్నా నుంచి నూరు దాకా ఎక్కాలంటే వస్తువులు చేస్తూనే ఉండాలి. నూరు ముట్టినవాడు గ్రాండ్‌మాస్టర్. అన్ని విద్యలూ కలిపి 700 దాటకూడదని అప్పట్లో హద్దు కూడా ఉండేది కాబట్టి, ఏ విద్యకు ఎన్ని రాత్రులు ధారపోయాలో ముందే లెక్క వేసుకోవలసి వచ్చేది. ఆ లెక్క వేసిన చాలామందికి ఒకటే తట్టింది: మనం మేలుకోవడం దేనికి?

ఆ కిటుకు పేరు మాక్రో. ఇనుము ఎత్తు, కొలిమి దగ్గర నిలబడు, బాకు కొట్టు, మళ్ళీ ఇనుము ఎత్తు. చెయ్యవలసిన పనులన్నీ ఇలా వరుసగా కూర్చి ఒక్క మీటకు కట్టేస్తే, ఆ మీట నొక్కి మనిషి లేచిపోవచ్చు. తెల్లారేసరికి బాకుల గుట్ట ఉంటుంది, దానితోపాటు పెరిగిన విద్య ఉంటుంది. పైగా ఈ ఆట అప్పట్లో ఉచితం కాదు. మొదట్లో నెలకు పది డాలర్లకు ఐదు సెంట్లు తక్కువ చందా. శ్రీకాకుళం జిల్లా నౌపడలో ఉప్పు మడిలో దిగే మనిషికి ఈ సంగతి చెబితే ముందు నమ్మడు. చేసిందే చెయ్యడానికి అక్కడ కూలి ఇస్తారు. ఇక్కడ ఎదురు డబ్బు కట్టి చేసిందే చేస్తారు, అదీ చెయ్యలేక యంత్రానికి అప్పగిస్తారు. "మరేటికి ఆడటం?" అని అతను అడిగితే జవాబు చెప్పడం అంత తేలిక కాదు.

పని జరిగింది, ఫలం వచ్చింది, మరి చేసిందెవరు? యజ్ఞశాలల్లో, జపమాలల దగ్గర, రాట్నాల దగ్గర ఈ దేశంలో ఎప్పటినుంచో నలుగుతున్న ప్రశ్నే ఇది. వేషం మార్చుకుని ఆటలోకి వచ్చింది.

2001లో ఇంగ్లండులోని జాగెక్స్ సంస్థ విడుదల చేసిన రూన్‌స్కేప్ ఆటలో ఈ తగువు ఇంకా ముదిరింది. అక్కడ మొదట్లో ఒక్కో విద్యలో పై మెట్టు 99. ఆ మెట్టెక్కడానికి కావలసిన అనుభవం 1,30,34,431 పాయింట్లు. మెట్టు మెట్టుకీ భారం పెరుగుతుంది కనుక 92వ మెట్టు మీద నిలబడ్డవాడు నిజానికి సగం దారిలోనే ఉన్నాడు. ఇది తెలిసిన రోజున ఆటగాడికి వచ్చే నీరసం ఊహించుకోవచ్చు. మాక్రోలు వాడిన ఖాతాలను జాగెక్స్ ఏరివేస్తూనే వచ్చింది. 2011 అక్టోబరు 25న అయితే ఒక్క దెబ్బకు దాదాపు 15 లక్షల ఖాతాలు పోయాయి.

అంతకుముందు ఆ సంస్థ వేసిన ఎత్తు ఇంకా సరదాగా ఉంటుంది. ఆటగాడు చేపలు పడుతూనో, కట్టెలు కొడుతూనో ఉండగా హఠాత్తుగా దీపంలోని భూతం ప్రత్యక్షమై పేరు పెట్టి పిలుస్తుంది. లేదా తాగి తూలుతున్న మరుగుజ్జు ఒకడు వచ్చి బీరూ కబాబూ ఇస్తానంటాడు. పలికితే బహుమానం, పలకకపోతే దెబ్బలు. మనిషి ఉన్నాడా, మీట ఒక్కటే ఉందా తేల్చుకోవడానికి అది పరీక్ష. పిలిస్తే పలికే దైవం అని తెలుగువాళ్ళు ఊరి దేవుళ్ళను పొగుడుతుంటారు. ఇక్కడ వరస తిరగబడింది. దేవుడే వచ్చి పిలుస్తాడు, పలకవలసింది భక్తుడు.

భక్తుడనే మాట ఊరికే దొర్లలేదు. కోటీ ముప్పై లక్షల చిల్లర అనే అంకె వినగానే తెలుగు ఇంట్లో పెరిగినవాళ్ళకు ఇంకో అంకె గుర్తొస్తుంది: రామకోటి. గళ్ళ పుస్తకం ముందేసుకుని, గడికొక్కటి చొప్పున రామనామం కోటిసార్లు రాయడం. రోజుకు వెయ్యి రాసినా పదివేల రోజులు కావాలి, అంటే ఇరవై ఏడేళ్ళు దాటుతుంది. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన అమ్మమ్మ, మనవలు పుట్టాక ముగించి, పుస్తకాల మూట కట్టి భద్రాచలం పంపుతుంది. ఇప్పుడు అదే పనిని కంప్యూటరుకు చెబితే ఎంతసేపు పడుతుంది? ఒక్కసారి రాసి, దాన్ని కాపీ చేసి పక్కన అతికించి, ఆ రెంటినీ కలిపి మళ్ళీ అతికించుకుంటూ పోతే ఇరవై మూడోసారికి ఎనభై మూడు లక్షలు దాటుతుంది, ఇరవై నాలుగోసారికి కోటీ అరవై ఏడు లక్షలు. కాఫీ చల్లారేలోపు రామకోటి పూర్తి, పైన అరవై ఏడు లక్షలు కొసరు.

ఆ ఫైలును ఏ గుడికి పంపాలో మాత్రం ఎవరికీ తెలీదు. అలా చేసినదాన్ని రామకోటి అనరని అమ్మమ్మకు ఏ శాస్త్రమూ చదవకుండానే తెలుసు. ఎందుకు అనరో చెప్పమంటేనే చిక్కు. రామనామం ఉంది, లెక్క ఉంది, అక్షరదోషం కూడా లేదు.

పతంజలి యోగసూత్రాలు అభ్యాసానికి మూడు షరతులు పెట్టాయి. చాలాకాలం సాగాలి, మధ్యలో తెగకూడదు, ఆదరంతో చెయ్యాలి. మొదటి రెండిట్లో మాక్రోను మించిన యోగి లేడు. దానికి ఆకలి లేదు, కునుకు లేదు, ఏకాదశి నాడు నీరసం లేదు. మునులకు సాధ్యం కానిది పాత కంప్యూటరుకు సాధ్యమైంది. మూడో షరతు దగ్గర మాత్రం బండి ఆగిపోతుంది. ఆదరం అనేది చేసే పనిలో కనిపించే గుణం కాదు. చేసేవాడు ఆ వేళ అక్కడ ఉన్నాడా లేడా అన్న సంగతి. మరుగుజ్జు వచ్చి తట్టి చూసేది దాన్నే.

అలాగని యంత్రం ముట్టుకుంటే పుణ్యం మైలపడుతుందని అన్ని మతాలూ అనలేదు. అలా అననివాళ్ళు దగ్గర్లోనే ఉన్నారు. నౌపడలో గుణుపురం బండి ఎక్కితే పర్లాకిమిడి వస్తుంది. 1900లో అక్కడి రాజావారు వేయించిన చిన్న రైలు దారే అది, 2011 నాటికి బ్రాడ్‌గేజ్ అయింది. ఆ పర్లాకిమిడే ఒడిశాలోని గజపతి జిల్లాకు ముఖ్యపట్టణం. ఆ జిల్లా కొండల మీద చంద్రగిరి దగ్గర 1963లో టిబెటన్ శరణార్థులు స్థిరపడ్డారు. అక్కడి పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. టిబెటన్ల ప్రార్థనా చక్రం లోపల మంత్రం రాసిన కాగితాలు చుట్టలు చుట్టి ఉంటాయి. చక్రం ఒక చుట్టు తిరిగితే ఆ మంత్రాలన్నీ ఒకసారి చదివినట్టే. చేత్తో తిప్పేవి ఉన్నాయి, ఏటినీటి ఒరవడికి తిరిగేవి ఉన్నాయి, గాలికి తిరిగేవీ దీపం వేడికి తిరిగేవీ ఉన్నాయి. ఏటికి భక్తి ఉందా అని వాళ్ళు అడగలేదు. చక్రాన్ని తాకిన నీరు కిందికి పారి, తాగిన ప్రతి ప్రాణికీ మేలు చేస్తుందని వాళ్ళ నమ్మకం. అంటే అక్కడ లెక్క తిప్పినవాడి ఖాతాలోనే ఆగిపోదు, ఊరందరికీ పంపకం అవుతుంది. మన గుళ్ళలో హారతి వేళకు స్విచ్చి వెయ్యగానే గంటా డోలూ కలిసి మోగే కరెంటు యంత్రాన్ని చూసి ముఖం చిట్లించేవాళ్ళు ఈ వాదన ఒకసారి వినాలి. గంట మోగించే పుణ్యం ఒక్కరిది కావాలనుకుంటే చెయ్యే కావాలి. హారతి వేళైందని ఊరికి తెలియడమే కావలసింది అయితే యంత్రం చాలు.

ఈ తేడాను అందరికంటే నిక్కచ్చిగా పట్టుకున్నవాళ్ళు మీమాంసకులు. భక్తి గురించి పెద్దగా మాట్లాడని శాస్త్రం అది. యజ్ఞాన్ని పట్టాదారు పాసుపుస్తకం చూసినట్టు చూస్తుంది. సోమయాగంలో పదహారుమంది ఋత్విక్కులు ఉంటారు. మంత్రాలు చదివేది వాళ్ళు, సోమలత పిండేది వాళ్ళు, అగ్నిలో వేసేది వాళ్ళు. స్వర్గం మాత్రం యాగం చేయించే యజమానికి. ఇదెక్కడి న్యాయం? ఆ శాస్త్రానికి మూలమైన జైమిని సూత్రాల మూడో అధ్యాయం ఈ ముడి విప్పడానికి కూర్చుంది. అక్కడ తేలిందేమిటంటే, పని చేయించినవాడూ చేసినవాడే. దక్షిణ దానం కాదు, ఋత్విక్కుల శ్రమకు కట్టిన వెల. వెల కట్టాడు కనుక ఫలం అతనిది.

ఈ తీర్పు వింటే మాక్రో వాడేవాడికి ప్రాణం లేచొస్తుంది. డబ్బు తీసుకుని ఇంకొకరి పాత్రను మెట్లెక్కించి ఇచ్చేవాళ్ళు ఆటల్లో ఎప్పటినుంచో ఉన్నారు. జైమిని లెక్కన వాళ్ళు ఋత్విక్కులు, ఆ సొమ్ము దక్షిణ. మాక్రో అయితే దక్షిణ కూడా అడగని ఋత్విక్కు.

కాకపోతే అదే అధ్యాయం ఇంకాస్త ముందుకెళ్ళి ఒక గీత గీసింది. యాగానికి ముందు గడ్డం గొరిగించుకోవడం, స్నానం, పాలు మాత్రమే తాగి ఉండే వ్రతం లాంటివి ఎవరు చెయ్యాలి? అవి యజమానే చెయ్యాలి. అవి అతని సంస్కారాలు, అతణ్ణి యాగానికి తగినవాడిగా తయారు చేసేవి. పదహారుమంది గడ్డాలు గీయించుకున్నా యజమాని ముఖం నున్నబడదు. వస్తువును వదులుకుంటూ ఇది నాది కాదు అనే మాట కూడా అతనే అనాలి. ఆ మాట మరొకరు అంటే అది అబద్ధమే అవుతుంది. ఫలాన్ని బదిలీ చెయ్యొచ్చు, సంస్కారాన్ని కుదరదు. రెండువేల ఏళ్ళ కిందట గడ్డాల దగ్గర తేల్చిన ఈ గీతే బాకుల దగ్గరా పనికొస్తుంది.

ఆటలో కమ్మరం నూరు అన్నది ఫలమా, సంస్కారమా? పేరుకు విద్య, అంటే సంస్కారం. కొలిమి ముందు పదేళ్ళు కూర్చున్న మనిషికి మణికట్టులోకి దిగేది. కానీ ఆటలో అది ఒక అంకె మాత్రమే, పాత్ర ఖాతాలో పడుతుంది, ఖాతా అమ్మితే కొన్నవాడి వెంట పోతుంది. విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షుడు. చేతులకు రెండు, కాళ్ళకు రెండు, తలకొకటి చొప్పున ఒకేసారి అయిదు తాళాలు వేసి చూపినవాడని ఆయనకు పేరు. ఆ తాళాల్లో ఒక్కటైనా ఆయన ఎవరికీ అమ్మగలిగేవాడు కాదు. అమ్ముడుపోయేది విద్య కాదనుకుంటే, ఆటలోని విద్య మొదటినుంచీ ఫలమే. విద్య వేషం కట్టిన ఫలం. ఆ వేషం కట్టింది ఆటగాడు కాదు, ఆట తయారుచేసినవాడు. మాక్రో దొంగతనం చేసిందని సంస్థలు అరుస్తాయి కానీ, అది చేసింది వేషం ఊడబెరకడం. నేర్పడానికి ఏమీ లేని పనిని పదివేలసార్లు చెయ్యమన్నప్పుడు, మనిషి లేచి వెళ్ళిపోవడంలో వింత ఏముంది?

అయితే వ్యవహారం అక్కడితో తెగదు. ఆ అంకెను నమ్మి కూర్చున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. పక్క కొలిమి దగ్గర నిజంగా మేలుకున్నవాడు ఒకడుంటాడు. అతని బాకు ధర రాత్రికి రాత్రి పడిపోతుంది.

సరిగ్గా ఇలాంటి ఇరకాటంలోనే ఒకసారి కాంగ్రెసు పార్టీ పడింది. 1924 డిసెంబరులో గాంధీ అధ్యక్షతన జరిగిన బెల్గాం మహాసభ, పార్టీ సభ్యత్వానికి చందా డబ్బుకు బదులు నూలు పెట్టింది. నెలకు 2,000 గజాలు, స్వయంగా వడికినది. పార్టీలోని స్వరాజ్యవాదులు ఒప్పుకోలేదు. బేరసారాలు జరిగి ఒక వెసులుబాటు కలిసింది. జబ్బు చేసినా, మనసు లేకపోయినా, ఇంకొకరు వడికిన నూలైనా ఇవ్వవచ్చు. మనసు లేకపోయినా అన్న ఆ ఒక్క మాటతో సంస్కారం ఫలమైపోయింది. రాట్నం తిప్పినవాడికి స్వరాజ్యం గురించిన ఆలోచన కలుగుతుందని గాంధీ ఆశ. నూలు కొని తెచ్చినవాడి దగ్గర కలిగేది ఏమిటి, రసీదు. ఏడాది తిరక్కుండానే, 1925 సెప్టెంబరులో, ఆ నియమం సడలింది. వడికే పనికి అఖిల భారత చరఖా సంఘం అని వేరే కుంపటి పెట్టారు.

ఇక్కడ గాంధీని చాదస్తుడి కింద కట్టేస్తే పొరపాటు. ఒళ్ళు హూనం చేసుకోవడమే పుణ్యమని ఆయన అనుకుని ఉంటే, 1929లో మెరుగైన రాట్నం కనిపెట్టినవారికి లక్ష రూపాయల బహుమానం ప్రకటించేవారు కాదు. ఆ రోజుల్లో లక్ష అంటే మాటలు కాదు. పల్లె ఇంట్లో పట్టాలి, తేలిగ్గా నడవాలి, ఎక్కువ నూలు రావాలి అన్నది ఆయన కోరిక. పని తగ్గాలి, పని దగ్గర మనిషి ఉండాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రావని ఆయన నమ్మకం.

నౌపడ ఉన్న జిల్లాలోనే పొందూరు ఉంది. అక్కడ సన్న ఖాదీకి పత్తిని సిద్ధం చేసే పద్ధతి చూసినవాళ్ళు మర్చిపోరు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి నలుసు తీస్తారు. ఆ ఎముకకున్న సన్నటి పళ్ళు పత్తి పోగును తెంపకుండా చెత్తను మాత్రం పట్టుకుంటాయి. గింజ తీసి, ఏకి, ఏకులు చేసి, వాటిని అరటి దొప్పలో దాచి, ఒకే కదురున్న రాట్నం మీద నూరు కౌంటుకు తగ్గని నూలు తీస్తారు. ఈ పనంతా చేసేది ఆడవాళ్ళు. ఇక ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆటలో నేతగాడు ఉన్నాడు. అతనూ పత్తి కాయ తెచ్చి నూలు చేస్తాడు, నూలుతో బట్ట చేస్తాడు. 2013లో కొత్తరూపు దాల్చిన ఆ ఆట మాక్రోలకు తలుపు మూయలేదు. ఆటలోనే మాక్రో రాసుకునే చోటు ఇచ్చింది. పదిహేను వరుసలు, ఒక్కో వరుసకు ఒక్కో పని, మధ్యలో ఇన్ని సెకన్లు ఆగు అన్న ఆజ్ఞ. బయటి సాఫ్ట్‌వేరు వాడితే మాత్రం ఖాతా పోవచ్చు. ఆ మాక్రోల్లో చాలావాటికి మొదటి వరుసలో వచ్చే పని పేరు మజిల్ మెమరీ. కండరాలకు అబ్బిన జ్ఞాపకం. కండరమే అక్కర్లేని చోట ఆ పేరు పెట్టినవాడు చమత్కారి అయినా అయి ఉండాలి, ఏమరుపాటున పెట్టి అయినా ఉండాలి.

ఆ పదిహేను వరుసలు రాసినవాణ్ణి తక్కువ చెయ్యడం కూడా న్యాయం కాదు. ఏ పని తర్వాత ఏది వేస్తే నాణ్యం పెరుగుతుంది, ఎక్కడ వస్తువు విరుగుతుంది, ఎక్కడ ఒక వరుస మిగులుతుంది అని కాగితం మీద కుస్తీ పట్టినవాడు వాడు. నిద్రమత్తులో మీటలు నొక్కేవాడికంటే ఆ నేతపని లోతు వాడికే తెలుసు. సూత్రమంటే దారం కూడా కనుక పొందూరు ఆడవాళ్ళు తీసేదీ సూత్రమే, యాగం ఎలా చెయ్యాలో ఆపస్తంబుడు రాసిందీ సూత్రమే, ఈ పదిహేను వరుసలూ సూత్రమే. సంస్కారం సూత్రం రాసినవాడికి దక్కింది. దాన్ని దించుకుని మీటకు కట్టుకున్నవాడికి దక్కింది బట్ట.

నౌపడ మళ్ళలో ఉప్పు చేసేది ఎవరని అడిగితే, నిజానికి ఎండా గాలీ. లీటరు సముద్రపు నీటిలో ముప్పై అయిదు గ్రాముల దాకా లవణాలు ఉంటాయి. ఆ నీటిని మడి నుంచి మడికి మారుస్తూ ఎండనిస్తారు. నీటి చిక్కదనాన్ని చెప్పే బోమే కొలతలో మూడు డిగ్రీల దగ్గర మొదలైన నీరు చిక్కబడుతూ వచ్చి, దారిలో జిప్సం దించేస్తుంది, ఇరవై అయిదు దగ్గర అందులోంచి ఉప్పు పేరుతుంది. ముప్పై దాకా వదిలేస్తే మెగ్నీషియం లవణాలు దిగి ఉప్పు చేదెక్కుతుంది. అందుకని ఆ లోపే మిగిలిన నీటిని బయటికి తోలాలి. ఒక విధంగా ఇది సూర్యుడికి కట్టిన మాక్రో. నీళ్ళు పెట్టి మనిషి ఇంటికి పోవచ్చు కదా అనిపిస్తుంది. పోతే ఉప్పు బదులు చేదు వస్తుంది. ఇక్కడ మనిషి పనిలో సగం లాగడం, గుట్ట వెయ్యడం. ఆ సగాన్ని యంత్రం తీసుకుంటానంటే ఏ కూలీ కాదనడు. ఎండలో, ఉప్పు నీళ్ళలో పగిలిన పాదాల గొప్పతనం గురించి ఫ్యాను కింద కూర్చుని రాయడం ఎవరికైనా సులువే. మిగతా సగం మాత్రం చూడటం. నీటి రంగు, మడి అడుగు, గాలి వాలు, ఆకాశం.

రూన్‌స్కేప్ పాత రూపంలో ఇప్పుడు ఆ భూతం మెత్తబడింది. 2014 నుంచి అక్కడ పిలిచినప్పుడు పలకాలన్న నిర్బంధం లేదు. పేరు పెట్టి పిలుస్తుంది, కాసేపు వెంట తిరుగుతుంది, జవాబు రాకపోతే తనదారిన తాను పోతుంది. నౌపడ ఆకాశం ఇంకా అంత మర్యాద నేర్వలేదు. మే నెలలో ఒక సాయంత్రం సముద్రం వైపు మబ్బు కడుతుంది. మళ్ళలో ఉన్నవాళ్ళు ఒకరినొకరు కేకేసుకుంటారు. పేరిన ఉప్పును గట్టు మీదికి లాగుతారు, గుట్టల మీద తాటాకు కప్పుతారు. మొదటి చినుకు పడేలోపు ఎన్ని గుట్టలు కప్పితే అన్ని మిగులుతాయి. అవతల గుణుపురం బండి కూత వేసి కదులుతుంది, ఇటు తలతిప్పి చూసే తీరిక ఎవరికీ ఉండదు.